అమ్మకు మతిమరపు, తమ్ముడికి మేనరికం: పరీక్ష ముందా, ముహూర్తం ముందా?

ఉత్తరం రాసినామెకు 33 ఏళ్లు. భర్త, నాలుగేళ్ల పాపతో విజయవాడలో ఉంటున్నారు. బ్యాంకు ఉద్యోగం. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి, ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

వాళ్ల అమ్మగారు హైస్కూల్లో లెక్కల టీచరు. 46వ ఏట బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. తర్వాత ఇంటి ఖర్చుల పద్దు తప్పడం, రోజూ వెళ్లే రైతుబజారు నుంచి దారి తెలియక నిలబడిపోవడం. మొదట నెలసరి ఆగే వయసు వల్ల అనుకున్నారు. తర్వాత డిప్రెషన్ అని మందులిచ్చారు. బి12, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఎంఆర్ఐ చూశాక న్యూరాలజిస్టు ఇది చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్ అన్నారు. అమ్మకు ఇప్పుడు 51. కుటుంబం గురించి అడిగితే మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. అమ్మ తండ్రి 54వ ఏట పోయారు. చివరి రోజుల్లో ఎవరినీ పోల్చుకోలేదు. ఊళ్లో చేతబడి అన్నారు. మేనమామకు 53. 48లో మొదలై ఇప్పుడు మంచంలోనే ఉన్నారు. ఇది వంశంలో వస్తున్నట్టుంది, జన్యు పరీక్ష చేయిద్దాం అని డాక్టరు సూచించారు.

ఈలోగా ఆమె తమ్ముడికి (28) ఆ మేనమామ కూతురితోనే (24) పెళ్లి కుదిరింది. ఇద్దరికీ ఇష్టమే. అమ్మకు మనుషులు గుర్తున్నప్పుడే పెళ్లి జరిగిపోవాలని నాన్నగారి ఆరాటం. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. జబ్బు వంశపారంపర్యం కావచ్చన్న మాట ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

"ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్ మాత్రలు మూడు నెలలు వాడితే మెదడులో పేరుకున్నది కరిగిపోతుందని నాన్నకు తెలిసినాయన 18 వేలు అడుగుతున్నాడు. కొనాలా? అసలు ఆ చెడ్డ ప్రోటీన్ ఒక ఎంజైమ్ కత్తిరించడం వల్లే పుడుతుందని చదివాను. అలాంటప్పుడు ఆ కత్తెరను ఆపేసే మందు ఇన్నేళ్లైనా ఎందుకు రాలేదు? నేను పరీక్ష చేయించుకోవాలా? మా వారు వద్దంటున్నారు. తమ్ముడికి చెబితే పెళ్లి ఆగిపోతుందేమో, చెప్పకపోతే నేను వాళ్లని మోసం చేసినట్టవుతుందేమో. రాత్రిళ్లు నిద్ర లేదు. పొద్దున పాప పేరు ఒక్క క్షణం తట్టకపోయినా గుండె ఆగినంత పనవుతోంది" అని ముగించారు.

మాత్రల సంగతి తేలిక కనుక ముందు అది తేల్చేస్తాను. కొనకండి. ఎంజైమ్ కూడా ఒక ప్రోటీనే. మింగితే కడుపులో పప్పు, గుడ్డు లాగే చాలావరకు అరిగిపోతుంది. ఏ కొంచెమో రక్తంలోకి చేరినా, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డు దాటి వెళ్లదు. బ్రొమిలైన్, సెర్రాషియోపెప్టిడేజ్, నాటోకైనేజ్ అని ఏ పేరుతో అమ్మినా, మనిషి మెదడులో పేరుకున్న అమైలాయిడ్‌ను (మీరు రాసిన ఆ చెడ్డ ప్రోటీన్ పేరు ఇదే) ఇవి కరిగించినట్టు రుజువు లేదు. అమ్మగారు ఆస్పిరిన్ వాడుతున్నారని రాశారు. దానికి తోడు ఇలాంటివి చేరితే రక్తస్రావం ముప్పు కూడా ఉంటుంది. ఆ డబ్బుతో నాన్నగారికి సాయంగా పూటకొక మనిషిని పెట్టండి. అమ్మగారి కన్నా ముందు ఆయన కుంగిపోయేలా ఉన్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

అమ్మే ఆయన మాటల్లో ఒక నిజం మాత్రం ఉంది. నెప్రిలైసిన్ వంటి కొన్ని ఎంజైములు మెదడులో అమైలాయిడ్‌ను తునకలు చేసి తీసేస్తుంటాయి. కానీ అవి మెదడు కణాలు తమ దగ్గరే తయారుచేసుకునేవి, సీసాలో దొరికేవి కావు. ఇంకొక మాట. అమ్మగారికి రాసిన డొనెపిజిల్ కూడా ఒక ఎంజైమ్‌ను అదుపుచేసే మందే, కానీ ఆ ఎంజైమ్ వేరు. అది అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగగొడుతుంది, ప్రోటీన్లను కాదు. డొనెపిజిల్ జబ్బును ఆపదు, కొంతకాలం రోజువారీ పనులు కాస్త నిలబడేలా చేస్తుంది. డాక్టరుని అడగకుండా దాన్ని ఆపకండి.

ఇక కత్తెరను ఆపేసే మందు సంగతి. మీరు సరిగ్గా అసలు ప్రశ్నే అడిగారు. దీనికి జవాబు తెలిస్తే మీ ఇంట్లో ఏం జరుగుతోందో కూడా స్పష్టమవుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మెదడు కణాల పొరలో ఏపీపీ అనే పొడవాటి ప్రోటీన్ ఉంటుంది. దాన్ని ముందు బేస్-1 అనే ఎంజైమ్ పొర బయట ఒక చోట తెంచుతుంది. మిగిలిన ముక్కను గామా సెక్రెటేజ్ అనే మరో ఎంజైమ్ పొర లోపలే కోస్తుంది. గామా సెక్రెటేజ్ నాలుగు ప్రోటీన్లు కలిసి ఏర్పడిన యంత్రాంగం. అందులో అసలు కోత పెట్టేది ప్రెసెనిలిన్. ఒక్క వేటుతో పని పూర్తి కాదు. సాధారణంగా మూడేసి అమైనో ఆమ్లాల (ప్రోటీన్ అనే దండలోని పూసలు) చొప్పున చివర తరుగుతూ వస్తుంది. 49 నుంచి 46, 43, చివరికి 40 అమైనో ఆమ్లాల పొట్టి ముక్క మిగులుతుంది. అది పెద్దగా అంటుకోదు, కొట్టుకుపోతుంది. కొన్నిసార్లు మరో వరసలో నడిచి 42 దగ్గర ఆగుతుంది. ఈ 42 జిగట రకం. ఒకదానికొకటి అతుక్కుని మెదడులో అమైలాయిడ్‌గా పేరుకుంటుంది.

ప్రెసెనిలిన్-1 జన్యువును 1995లో 14వ క్రోమోజోము మీద గుర్తించారు. ఇందులో వచ్చే మార్పులు ఇప్పటికి 300కు పైగా తెలుసు. చిన్న వయసులో వంశపారంపర్యంగా వచ్చే అల్జీమర్స్‌కు ఎక్కువ కుటుంబాల్లో కారణం ఇదే. ఏపీపీ, ప్రెసెనిలిన్-2 జన్యువుల్లో మార్పులు కొద్ది కుటుంబాల్లో కనిపిస్తాయి. చాలామంది అనుకునేది ఏమిటంటే, మార్పు వచ్చిన ఎంజైమ్ మితిమీరి పనిచేస్తుందని. ఎక్కువ మార్పుల్లో జరిగేది దాదాపు దానికి తిరగబడి ఉంటుంది. ఎంజైమ్ పట్టు సడలి, తరగడం పూర్తి కాకుండానే ముక్కను వదిలేస్తుంది. అందుకే పొట్టి 40 రకంతో పోలిస్తే 42, 43 వంటి పొడుగు ముక్కల పాలు పెరుగుతుంది. పని సగంలో వదిలేసే ఎంజైమ్‌ను పూర్తిగా ఆపేస్తే జబ్బు ఎలా తగ్గుతుంది?

పైగా ఈ ఎంజైమ్ పుట్టింది అమైలాయిడ్ కోసం కాదు. ఇది 100కు పైగా ప్రోటీన్లను కోస్తుంది. వాటిలో ముఖ్యమైనది నాచ్. కడుపులో బిడ్డ మెదడు తయారవుతున్నప్పుడు, ఏ కణం ఇప్పుడే నరాల కణంగా మారాలి, ఏది ఇంకొంతకాలం మూలకణంగానే ఉండి మరిన్ని కణాలను కనాలి అన్నది నాచ్ సంకేతం మీద ఆధారపడుతుంది. గామా సెక్రెటేజ్ నాచ్‌ను కోస్తేనే ఆ ముక్క కణకేంద్రకంలోకి వెళ్లి, ఆగు అని చెప్పగలదు. కోత లేకపోతే కణాలు తొందరపడి నరాల కణాలైపోతాయి, మూలకణాల నిల్వ ముందే అయిపోతుంది. 1997లో ప్రెసెనిలిన్-1 లేకుండా ఎలుకలను పుట్టించి చూశారు. వెన్నెముక, పక్కటెముకలు సరిగ్గా ఏర్పడలేదు, మెదడు గోడలు పలచబడ్డాయి, పిల్లలు పుట్టిన కాసేపటికే చనిపోయాయి. మీ పాప మెదడును కట్టినది కూడా ఈ ఎంజైమే. పెద్దయ్యాక పేగు లోపలి పొర, చర్మం సరిగ్గా ఉండాలన్నా నాచ్ పని సాగుతుండాలి.

ఇదంతా తెలిసి కూడా మందు ప్రయత్నించారు. గామా సెక్రెటేజ్‌ను అణిచే సెమగాసెస్టాట్‌ను ఎలీ లిల్లీ కంపెనీ పెద్ద ఎత్తున రోగుల మీద పరీక్షించి 2010లో ఆపేసింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా మందు వేసుకున్నవాళ్ల జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు ఎక్కువ దిగజారాయి. చర్మ క్యాన్సర్లు కూడా వాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. తర్వాత బేస్-1 వంతు. వెరుబెసెస్టాట్ అనే మందుతో అమైలాయిడ్ బాగా తగ్గింది, మనుషులు మాత్రం బాగుపడలేదు. 2017లో ఒక పరీక్ష, 2018లో మరొకటి ఆగిపోయాయి. బేస్-1 కూడా పుట్టుక సమయంలో నరాల చుట్టూ మైలిన్ పొర అల్లడానికి కావలసిన ఎంజైమ్. అది లేని ఎలుకల్లో ఆ పొర పలచగా ఉంటుందని 2006లోనే తేలింది.

అలాగని దారి మూసుకుపోలేదు. ఐస్‌లాండ్‌లో కొందరికి ఏపీపీలో ఒక అరుదైన మార్పు ఉందని 2012లో బయటపడింది. బేస్-1 ఆ ప్రోటీన్‌ను సరిగ్గా తెంచలేదు, ప్రయోగశాలలో అమైలాయిడ్ దాదాపు 40 శాతం తగ్గింది. వాళ్లకు అల్జీమర్స్ చాలా అరుదు. పుట్టినప్పటి నుంచి కొద్దిగా తగ్గితే రక్షణ, జబ్బు వచ్చాక బలంగా అణిచేస్తే నష్టం. ఎంత తగ్గించాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న చోటే ఇప్పుడు పరిశోధన నడుస్తోంది. లెకానెమాబ్ (2023), డొనానెమాబ్ (2024) అనే మందులు అమెరికాలో పూర్తి అనుమతి పొందాయి. అవి ఎంజైముల జోలికి వెళ్లవు, పేరుకున్న అమైలాయిడ్‌ను తీసేస్తాయి. తొలి దశలో ఉన్నవాళ్లలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి. మెదడులో వాపు, రక్తపు చుక్కలు కనిపించే ముప్పు ఉంది కనుక మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. మీరు రాసిన స్థితిని బట్టి అమ్మగారు ఆ దశ దాటినట్టే అనిపిస్తోంది. అయినా ఆమెను చూస్తున్న న్యూరాలజిస్టును సూటిగా అడగండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మామయ్య జబ్బుకు మేనరికాలే కారణమని అత్తయ్య అంటున్నారని రాశారు. ఇలాంటి జబ్బుకు మేనరికం కారణం కాదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒక జన్యువు చెడు ప్రతి వస్తేనే వచ్చే జబ్బులకు మేనరికం ముప్పు పెంచుతుంది. ఇక్కడ అనుమానిస్తున్నది ఒక్క ప్రతి వచ్చినా చాలే రకం. తాతయ్యకు ఉంటే ఆయన పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం, ఎవరిని పెళ్లి చేసుకున్నారన్నదానితో పని లేదు. ఎవరి పాపమూ కాదు, చేతబడీ కాదు. తాతయ్య గురించి ఊరు అన్న మాట అమ్మగారి మనసులో ఇంకా ఉంటే, ఈ సంగతి ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. నాన్న మతిలేనివాడు కాదు, ఆయనకు ఒక జబ్బు ఉండేది అని తెలియడం ఆమెకు ఊరట కావచ్చు.

పరీక్ష మీతో మొదలుపెట్టకూడదు. ముందు అమ్మగారికి, వీలైతే మామయ్యకు చేయాలి. జబ్బు ఉన్న మనిషిలో ఏ మార్పు ఉందో తెలియకుండా మీ రక్తం పరీక్షిస్తే, "ఏమీ లేదు" అని వచ్చినా దాన్ని నమ్మలేం. అమ్మగారి రిపోర్టు మూడు రకాలుగా రావచ్చు. జబ్బు కలిగిస్తుందని ముందే తెలిసిన మార్పు దొరకవచ్చు. ఏమీ దొరకకపోవచ్చు. అప్పుడు మీకూ తమ్ముడికీ చేయించినా ఉపయోగం ఉండదు, వంశపారంపర్యం అన్న అనుమానం మాత్రం పోదు. మూడోది, అర్థం తేలని మార్పు ఒకటి దొరకవచ్చు. అలాంటప్పుడు మామయ్యలో కూడా అదే ఉందా అన్నది కీలకం. అందుకే ఆయన రక్తం నమూనా ఇప్పుడే తీసి డీఎన్ఏ భద్రపరచమని అడగండి.

అమ్మగారు టీచరు. ఇంకా మాటలు అర్థం చేసుకుంటున్నారు. ఆమెకు చెప్పకుండా రక్తం తీయించకండి. పొద్దుటి పూట, మనసు తేటగా ఉన్నప్పుడు, పిల్లల కోసం ఈ పరీక్ష అని రెండు ముక్కల్లో చెప్పి ఒప్పుకుంటారేమో అడగండి.

అమ్మగారిలో మార్పు దొరికిందనుకుందాం. అప్పుడు మీ ముందు రెండు దారులు. చేయించుకుంటే, లేదని వస్తే మీకూ పాపకూ ఈ భయం తీరిపోతుంది. అలా తీరినవాళ్లలో కొందరు తోబుట్టువును తలుచుకుని కుమిలిపోవడం కూడా ఉంది. ఉందని వస్తే, ఇలాంటి మార్పుల్లో చాలావాటితో జబ్బు దాదాపు తప్పకుండా వస్తుంది, అదీ ఇంట్లో మిగతావాళ్లకు వచ్చిన వయసుకు దగ్గరలో. రాకుండా ఆపే మందు ఈ రోజుకి లేదు. మీకు దక్కేది సమయం గురించిన స్పష్టత: ఉద్యోగం, డబ్బు, రెండో బిడ్డ, పాప చదువు. లక్షణాలు రాకముందే మందులిచ్చి చూసే పరిశోధనల్లో చేరే అవకాశమూ ఉండవచ్చు. అలా ఏళ్ల తరబడి మందు తీసుకున్న కొద్దిమందిలో జబ్బు ఆలస్యమవుతుందేమోనన్న ఆశ కలిగించే ఫలితాలు 2025లో వచ్చాయి. అవి ఇంకా రుజువు కాదు.

చేయించుకోకపోవడం పిరికితనం కాదు. ఇలాగే వంశంలో వచ్చే హంటింగ్టన్ జబ్బుకు పరీక్ష వచ్చి చాలా ఏళ్లైంది. ముప్పున్నవాళ్లలో ఎక్కువమంది తెలుసుకోకుండానే ఉండడానికి ఇష్టపడ్డారు. ఇప్పుడు వద్దనుకుని ఐదేళ్ల తర్వాత కావాలనుకోవచ్చు. తెలుసుకున్నాక మాత్రం వెనక్కి పోలేరు. మీవారు వద్దనడం వెనుక భయం ఉండవచ్చు. ఆయన మాట వినండి, కానీ ఇది మీ శరీరం, నిర్ణయం మీదే. పాపకు మాత్రం చేయించకండి. పెద్దయ్యాక వచ్చే, ఇప్పుడు చికిత్స లేని జబ్బుకు పిల్లలను పరీక్షించకూడదన్నది వైద్యుల మాట. ఆ ప్రశ్న ఆమె పెద్దయ్యాక ఆమెది.

టర్మ్ పాలసీ తీసుకోవాలన్న ఆలోచన ఉంటే పరీక్షకు ముందే తేల్చుకోండి. ఫారంలో కుటుంబ చరిత్ర అడిగితే దాచకండి. దాచితే రేపు క్లెయిమ్ నిరాకరించవచ్చు.

పాప పేరు క్షణం తట్టకపోతే భయపడిపోతున్నానన్నారు. నిద్ర లేకుండా, ఇంత టెన్షన్‌తో ఉన్న ఎవరికైనా పేర్లు తట్టవు. నిద్ర పట్టని సంగతి ఒక డాక్టరుతో వేరేగా మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పెళ్లి సంగతి దగ్గర నా అభిప్రాయం దాచను. ఆ ఇద్దరికీ తెలియాలి, పెళ్లికి ముందే తెలియాలి. లెక్క చూడండి. అనుమానం నిజమైతే తమ్ముడికి సగం అవకాశం, మరదలికీ సగం. వాళ్లకు పుట్టే బిడ్డకు కనీసం ఒక ప్రతి వచ్చే అవకాశం 16లో 7. తమ్ముడు ఈ వంశం కాని అమ్మాయిని చేసుకుంటే 16లో 4. జబ్బుకు మేనరికం కారణం కాకపోయినా, ఇద్దరూ ముప్పున్నవాళ్లైతే బిడ్డకు ముప్పు పెరుగుతుంది, రెండు ప్రతులూ చేరే అవకాశం కూడా కొంత ఉంటుంది. అంతకన్నా దగ్గరి సంగతి ఒకటుంది. ఇద్దరికీ వస్తే, దాదాపు ఒకే వయసులో, ఒకరినొకరు చూసుకోవలసిన సమయంలో వస్తుంది. మంచంలో ఉన్న తండ్రికి ఆ అమ్మాయే అన్నం తినిపిస్తోందని రాశారు. ఈ జబ్బు అంటే ఏమిటో మీ అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆమెకు చెప్పకుండా ఆమె జీవితాన్ని పెద్దలు నడపడం సరికాదు.

చెబితే ఏమవుతుంది? పెళ్లి ఆగవచ్చు. నాన్నగారు, అత్తయ్య మీ మీద కోప్పడవచ్చు. పెళ్లి ఆగకపోవచ్చు కూడా. అన్నీ తెలిసి, ఒకరంటే ఒకరికి ఇష్టమై, పిల్లలు వద్దనుకునో దత్తత తీసుకునో కలిసి బతకాలని వాళ్లు నిర్ణయించుకుంటే అది గౌరవించదగ్గ నిర్ణయం. సొంత పిల్లలు కావాలంటే, కుటుంబంలో మార్పు ఏదో తేలాక, ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి మార్పు లేనివాటినే ఎంచుకునే పద్ధతి ఉంది. తమకు ఉందో లేదో తెలుసుకోవడం ఇష్టం లేని తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పకుండానే ఇలా చేసే వీలు కొన్ని కేంద్రాల్లో ఉంటుంది. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే. అమ్మ చూడాలన్నదే తొందరైతే, పెళ్లి మాఘంలోనే చేసుకుని, పిల్లల సంగతి కౌన్సెలింగ్ అయ్యేదాకా వాయిదా వేసుకోవచ్చు. ముహూర్తం వెనక్కి జరుపుకోవచ్చు, అప్పుడు అమ్మగారి స్థితి మారిపోయే నష్టం ఉంది. చెప్పకుండా ఉండడమూ ఒక దారే, కానీ దాని పర్యవసానం మీరు మోయాలి. పిల్లలు పుట్టాక, అక్కకు ముందే తెలుసు అని వాళ్లకు తెలిసిన రోజు మీ సంబంధం తెగిపోవచ్చు.

చెప్పేటప్పుడు ఒక గీత దాటకండి. కుటుంబంలో జబ్బు వంశపారంపర్యం కావచ్చు, డాక్టరు ఇలా అన్నారు అన్నంతవరకే మీ పని. పరీక్ష చేయించుకోండి అని తమ్ముడిని ఒత్తిడి చేయకండి, పెళ్లికి షరతుగా ఎవరినీ పెట్టనివ్వకండి. మీకు పరీక్ష అయితే ఆ ఫలితం కూడా మీరు చెప్పాలనుకున్నప్పుడే చెప్పండి. ముందు నాన్నగారితో ఒంటరిగా మాట్లాడి, ఇద్దరూ కలిసి తమ్ముడికి, తర్వాత అత్తయ్య సమక్షంలో మరదలికి చెబితే మంచిది. నాన్నగారు ఒప్పుకోకపోతే, మీరొక్కరే అయినా తమ్ముడికి చెప్పాలి అంటాను.

కాగితాల పని ఒకటి వెంటనే చూడండి. అమ్మగారికి అర్థం చేసుకునే శక్తి ఉండగానే వీలునామా, బ్యాంకు నామినీలు, పెన్షన్ పత్రాలు సరిచేయించండి. పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆధారపడకండి. మనిషి మానసిక సామర్థ్యం కోల్పోయాక మామూలు పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు, ఆ దశ వస్తే సంరక్షకుల కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఒక లాయరుతో ఈ నెలలోనే మాట్లాడండి.

జన్యు కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ జన్యు పరీక్షలు చేస్తుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ మరో చోటు. రక్తం తీసే ముందు ఒకసారి, ఫలితం ఇచ్చేటప్పుడు ఒకసారి కౌన్సిలర్‌తో కూర్చోబెట్టే చోటికే వెళ్లండి. రిపోర్టు వాట్సాప్‌లో పంపేస్తాం అనే చోటికి వద్దు. వెళ్లేటప్పుడు అమ్మగారి, మామయ్య ఎంఆర్ఐలు, ఇంతవరకు వాడిన మందుల చీటీలు, తాతయ్య తోబుట్టువుల్లో ఎవరెవరు ఏ వయసులో ఎలా పోయారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆ చివరి సంగతి చెప్పగలిగే పెద్దవాళ్లు ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్లకు ముందే ఫోన్ చేయండి.